41వ ఎపిసోడ్: ట్రాక్ డే టైర్లు, కొన్ని గాలి కబుర్లు

అక్క: ఎర్ర దీపం వెలిగింది. సరే, నమస్కారం. ఈ వారం టైర్లు. స్పోర్ట్స్ కారు తీసుకుని ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద తోలే రోజుకు, వెళ్లేవాళ్లు ఏ టైరు ఎంచుకోవాలి? ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న విషయం.

బావ: వాయిదా వేసింది నేను కాదు.

తమ్ముడు: నువ్వే బావా. పోయిన వారం టైర్లని మొదలుపెట్టి యాభై నిమిషాలు బ్రేక్ ఆయిల్ గురించే మాట్లాడావు.

(టంగుమని ఇనుప చప్పుడు)

బావ: ఆ మాట అన్నది వాడు! గంట నాకెందుకు?

అక్క: బ్రేక్ ఆయిల్ పేరు ఎవరెత్తినా గంట గంటే. ఒక శ్రోత ఉత్తరం రాశారు, చదువుతాను. ఆయనది వెనుక చక్రాలతో నడిచే చిన్న స్పోర్ట్స్ కారు, 1,250 కిలోలు. ఇప్పటికి మూడు ట్రాక్ డేలు పూర్తిచేశారు. కారుతో వచ్చిన టైర్లే ఉన్నాయి, మలుపుల్లో కీచుమంటున్నాయి. సెమీ స్లిక్స్, అంటే గాడులు తక్కువ, పట్టు ఎక్కువ ఉన్న ట్రాక్ టైర్లు, వేయించుకోవాలా అని అడిగారు.

తమ్ముడు: వేయించుకోవాలి. తర్వాతి ఉత్తరం.

అక్క: ఆగు. ముందు మెట్లు చెప్పుకుందాం. మొదటి మెట్టు రోడ్డు టైర్లలో పై వరుస. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటివి. వానలో భయం లేదు, రోజూ తిరగవచ్చు. ట్రాక్‌లో నాలుగైదు ల్యాప్‌లు గట్టిగా తోలితే మాత్రం నేలను తాకే ట్రెడ్ దిమ్మలు వేడెక్కి మెత్తబడి కదలడం మొదలుపెడతాయి. రెండో మెట్టు 200 వాళ్లు. యోకోహామా అడ్వాన్ ఏ052, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, హాంకూక్ ఆర్-ఎస్4, ఫాల్కెన్ ఆర్‌టీ660. మూడో మెట్టు ఆ సెమీ స్లిక్స్, ట్రాక్ కోసమే పుట్టి, రోడ్డు మీదకు అనుమతి తెచ్చుకున్నవి. టోయో ఆర్888ఆర్, మిషెలిన్ కప్ 2, ఆ కుటుంబం.

బావ: ఆ 200 అంటే ఏమిటో చెప్పు. చాలామంది దాన్ని మార్కులనుకుంటారు.

అక్క: ట్రెడ్‌వేర్ అంకె. అమెరికా పద్ధతి. అక్కడ టెక్సాస్‌లో ఒక రోడ్డు మీద, ప్రమాణంగా పెట్టుకున్న టైరుతో పాటు పరీక్ష టైరునూ 7,200 మైళ్లు తిప్పుతారు. అంటే దాదాపు 11,600 కిలోమీటర్లు. అరుగుదల పోల్చి చూస్తారు. ప్రమాణం 100 అయితే, దానికి రెట్టింపు మన్నేది 200. అరిగేది రోడ్డు మీద, మెల్లగా. ఆ పరీక్షకూ మీరు నాలుగో మలుపులో చేసే పనికీ సంబంధం లేదు.

తమ్ముడు: నాలుగో మలుపు మాట ఎత్తవద్దని ఒప్పందం ఉంది.

బావ: నువ్వు అక్కడ గడ్డిలోకి దిగిన మాట ఎత్తవద్దని ఒప్పందం. మలుపు అనవచ్చు.

అక్క: ఇంకో సంగతి. ఆ అంకె వేసుకునేది తయారీదారే. 200కు తగ్గిన టైర్లు వద్దనే పోటీలు కొన్ని ఉన్నాయి కాబట్టి, అందరూ సరిగ్గా 200 అని అచ్చు వేసుకుంటారు. ఏ052 మీదా 200, ఆర్-ఎస్4 మీదా 200. ఏ052 మొదటి ల్యాప్‌లోనే వేడెక్కి అంటుకుంటుంది, రెండు మూడు ల్యాప్‌లలో తన ప్రతాపమంతా చూపించి అలసిపోతుంది, త్వరగా కరిగిపోతుంది. ఆర్-ఎస్4 నిదానంగా వేడెక్కుతుంది, వేడిని ఓర్చుకుంటుంది, రోజంతా ఒకేలా ఉంటుంది. ఇవి రెండూ ఒకే అంకె వెనుక ఎలా నిలబడ్డాయో మీరే ఆలోచించండి.

తమ్ముడు: అందుకే నేను అంకె చూడను. ల్యాప్ టైము చూస్తాను. పోర్షే 911 జీటీ3 జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌లో 20.832 కిలోమీటర్ల పూర్తి చుట్టును 6 నిమిషాల 59.927 సెకన్లలో ముగించింది. ఏ టైర్ల మీద? మిషెలిన్ కప్ 2 ఆర్.

అక్క: తోలింది పోర్షే డ్రైవరు లార్స్ కెర్న్. నువ్వు కాదు.

బావ: గాలి తీసేసింది.

తమ్ముడు: నా టైర్లలో ఉన్నది గాలి కాదు బావా, నైట్రోజన్. మొన్ననే నాలుగింటిలో నింపించాను. ఇక ప్రెషర్ పెరిగే బాధ లేదు.

అక్క: ఏమన్నావు?

తమ్ముడు: పెరగదు. వేడెక్కినా నైట్రోజన్ వ్యాకోచించదు కదా.

బావ: అబ్బాయీ, ఈ మాట మైకు ముందు అన్నావా? మీ అక్క కాగితం, పెన్ను తీసింది. ఇక మనం టైర్లు మరిచిపోవచ్చు.

అక్క: పీల్చే గాలిలో నైట్రోజన్ ఎంత?

తమ్ముడు: ఎక్కువే.

అక్క: 78 శాతం. నువ్వు నింపించింది మహా అయితే 95 అనుకో. ఆ తేడాకు భౌతికశాస్త్రం మారిపోతుందా? చల్లగా, 20 డిగ్రీల దగ్గర 28 పీఎస్ఐ పెట్టావు. గేజ్ చూపేది బయటి వాతావరణం మీద అదనపు ఒత్తిడి మాత్రమే. బయటిది 14.7 కలుపు, 42.7. టైరు లోపల 80 డిగ్రీలయింది. కెల్విన్‌లలో 293 నుంచి 353. అంటే 20 శాతం పైన పెరిగింది. 42.7కు ఆ లెక్క వేస్తే 51.4. మళ్లీ 14.7 తీసేయి. ఎంత?

తమ్ముడు: ... 36.7.

అక్క: 28 కాస్తా 36.7. పొడిగాలి అయినా ఇంతే, నైట్రోజన్ అయినా ఇంతే, హీలియం పోసినా ఇంతే. వాయువుకు తన పేరేమిటో తెలియదు.

తమ్ముడు: మరి రేసు జట్లు ఎందుకు వాడతాయి? వాళ్లకు లెక్కలు రావా?

బావ: ఈ ప్రశ్న మాత్రం బాగుంది. నేను వాడి పక్షం.

అక్క: మీరు ఎప్పుడు ఎవరి పక్షమో మీకే తెలియదు. వాళ్లకు కావలసింది నైట్రోజన్ కాదు, పొడితనం. సిలిండర్ నుంచి వచ్చేది పూర్తిగా పొడిగా ఉంటుంది. కంప్రెసర్ ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. వాటిని వదిలేయకపోతే గాలితో పాటు తేమ కూడా టైరులోకి వెళ్తుంది. రిమ్ముకు ఎక్కించేటప్పుడు అంచులకు రాసిన సబ్బునీళ్లు సరేసరి. ఆ నీరు చల్లగా ఉన్నంతసేపు అడుగున పడి ఉంటుంది. 80 డిగ్రీలకు ఆవిరవుతుంది. ఆ వేడిలో నీటి ఆవిరి ఒత్తిడి 47 కిలోపాస్కల్. పీఎస్ఐలో దాదాపు 7.

బావ: గాలి వల్ల పెరిగిన తొమ్మిదికి ఇంకో ఏడా?

అక్క: తగినంత నీరుంటే. ఎంత నీరు కావాలో కూడా లెక్కవేశాను. నలభై లీటర్ల టైరుకు పన్నెండు గ్రాములు. రెండున్నర చిన్న చెంచాలు. అసలు చిక్కు పెరగడం కూడా కాదు. నాలుగు టైర్లలో నాలుగు రకాల తేమ ఉంటే నాలుగూ నాలుగు రకాలుగా పెరుగుతాయి. ఎడమ ముందుది 35, కుడి ముందుది 39. కారు ఒక మలుపులో బుద్ధిగా తిరిగి, ఇంకో మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంది. నువ్వేమో టైరు మంచిది కాదంటావు.

బావ: నీరు! చూశారా? అంతటికీ శత్రువు నీరే. నేను రెండేళ్లుగా ఇదే చెబుతున్నాను. బ్రేక్ ఆయిల్...

(టంగు)

బావ: ...కొట్టుకో. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా సీసా మూత తీసినప్పుడు ప్రమాణం ప్రకారం కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరిందా, ఆ హామీ 155కు పడిపోతుంది. గాలిలో తేమను తనే పీల్చుకుంటుంది. కారు షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా పీల్చుకుంటుంది.

తమ్ముడు: రామాయణంలో పిడకల వేట.

బావ: పిడకలు లేకపోతే నీ వంట ఎలా అవుతుందిరా?

తమ్ముడు: సరే, నైట్రోజన్ రబ్బరులోంచి మెల్లగా కారుతుంది. అదైనా నిజమేనా? లేక అదీ కట్టుకథేనా?

అక్క: అది నిజం. ఆక్సిజన్ కొంచెం త్వరగా బయటపడుతుంది. నెలల తరబడి గేజ్ ముట్టుకోనివాళ్లకు పనికొస్తుంది. నువ్వు ట్రాక్‌లో ప్రతి విడతకూ గేజ్ పెట్టాలి. నీకెందుకు?

తమ్ముడు: విమానాల్లో కూడా నైట్రోజనే. అది మాత్రం కాదనలేవు.

అక్క: కాదనను. దాని కారణం వేరు. నవ్వే కారణం కాదు.

బావ: చెప్పు.

అక్క: 1986 మార్చి 31. మెక్సికానా విమానం, సంఖ్య 940, బోయింగ్ 727. పైకి లేచేటప్పుడు ఒక చక్రం బ్రేకు పట్టేసి విపరీతంగా వేడెక్కింది. ఆ టైరులో నైట్రోజన్ బదులు మామూలు గాలి నింపారు. అంత వేడికి లోపలి రబ్బరు నుంచి మండే ఆవిర్లు వస్తాయి, వాటికి ఆక్సిజన్ తోడైంది. గాలిలో ఉండగా టైరు పేలి ఇంధన గొట్టాలను తెంచింది. 167 మంది. ఒక్కరూ మిగల్లేదు. ఆ తర్వాత పెద్ద విమానాల్లో బ్రేకులున్న చక్రాలకు ఆక్సిజన్ 5 శాతం మించకూడదని నిబంధన వచ్చింది.

(కాసేపు ఎవరూ మాట్లాడరు)

బావ: బ్రేకు పట్టేసిందా.

అక్క: అవును.

తమ్ముడు: గంట కొట్టలేదు నువ్వు.

అక్క: దీనికి కొట్టను.

బావ: ... ముందుకు వెళ్దాం. ప్రెషర్ ఎలా పెట్టాలో చెప్పు. ఇంతసేపూ పెరుగుతుందని చెప్పావు గానీ, ఏం చేయాలో చెప్పలేదు.

అక్క: వేడి మీద పెట్టాలి. తయారీదారు వేడి టైరుకు ఇంత అని చెబుతాడు, అది మొదలు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు దానికి ఏడెనిమిది తక్కువ పెట్టు. మూడు నాలుగు ల్యాప్‌లు తోలు. చల్లబరిచే ల్యాప్ తిరగకుండా నేరుగా పిట్‌లోకి రా, దిగీ దిగగానే కొలువు. ఎక్కువైనంత వదిలేయి. నాలుగూ వేరువేరుగా వేడెక్కుతాయి, బరువు మోసే వైపు ఎక్కువ. కాబట్టి చల్లారాక నాలుగు అంకెలూ వేరుగా ఉంటాయి. ఉంటే ఉండనీ.

తమ్ముడు: సుద్దముక్క మాట చెప్పు.

అక్క: ఆ, అది నాకిష్టం. టైరు అంచు మీద, ట్రెడ్ ముగిసి పక్కగోడ మొదలయ్యే చోట సుద్దతో గీతలు గీయి. తిరిగి వచ్చాక చూడు. పక్కగోడ మీది సుద్ద కూడా చెరిగిపోతే టైరు ఒరిగి పక్కగోడ మీద నడిచింది, గాలి చాలలేదు. అంచు దాకా రాకుండానే గీత మిగిలితే గాలి ఎక్కువైంది. చాలా టైర్ల పక్కగోడ మీద చిన్న త్రిభుజం గుర్తు కూడా ఉంటుంది, అరుగుదల అక్కడిదాకా రావాలి, దాటకూడదు.

బావ: వీడు గాలి వదిలిన కథ చెప్పమను.

తమ్ముడు: చెప్పను.

బావ: నేను చెబుతాను. మధ్యాహ్నం వేడి మీద 32కు తెచ్చాడు. ఎంతో సంతోషం. సాయంత్రం అలాగే ఇంటికి తోలుకుపోయాడు. తెల్లారి చల్లగా కొలిస్తే ఎంతరా?

తమ్ముడు: 24.

బావ: అదే టైర్లతో, అంత తక్కువ గాలితో, రెండు వందల కిలోమీటర్లు ప్రయాణమయ్యాడు. పక్కగోడలు వంగి వంగి లోపల ఉడికిపోతుంటే, వీడేమో కారు మెత్తగా నడుస్తోందని నాకు ఫోన్ చేశాడు.

తమ్ముడు: మెత్తగానే నడిచింది.

అక్క: ట్రాక్ ముగిశాక తిరిగి నింపుకోవాలి. ఆ ఒక్క పని మరిచిపోతే ఇంత లెక్కా దండగ.

తమ్ముడు: నన్ను ఎగతాళి చేయడానికే పెట్టారా ఈ ఎపిసోడ్? సెమీ స్లిక్స్ వేసుకున్నాక నేను ల్యాప్‌కు నాలుగు సెకన్లు తగ్గించాను. అది ఎవరూ అనరు.

అక్క: తగ్గించావు. టైరు తగ్గించింది.

తమ్ముడు: అంటే?

అక్క: నీ వీడియో చూశాను. మలుపు మధ్యలో మూడుసార్లు స్టీరింగ్ సరిచేస్తున్నావు. పాత టైర్ల మీద అలా చేసి ఉంటే అవి అరిచి గోల చేసేవి. ఇవి నోరు మూసుకుని నీ తప్పులు మోస్తున్నాయి. మోయలేనప్పుడు చెప్పకుండా వదిలేస్తాయి.

తమ్ముడు: ...

అక్క: కోపం తెచ్చుకోకు. 2012లో టొయోటా 86 వచ్చినప్పుడు దానికి మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ టైర్లు ఇచ్చారు, 215 వెడల్పు. ప్రియస్‌కు వేసిన రకం. స్పోర్ట్స్ కారుకు ఇవా అని జనం నవ్వారు. అది పిసినారితనం కాదు, కావాలనే చేశారు. పట్టు తక్కువైతే తక్కువ వేగంలోనే కారు జారుతుంది, జారుతున్నప్పుడు ఏం చేయాలో నేర్చుకునే వ్యవధి దొరుకుతుంది. కీచుమనే టైరు మాట్లాడుతోందన్న మాట. ఉత్తరం రాసినాయన దాని నోరు మూయించాలనుకుంటున్నారు.

బావ: నేనిప్పుడు ఒక మాట అంటాను. గంట కొట్టవద్దు. విషయానికి సంబంధించిందే.

అక్క: చూద్దాం.

బావ: పట్టున్న టైరు వేశావు. మలుపులోంచి ఇంకో పది కిలోమీటర్ల వేగం ఎక్కువతో బయటపడ్డావు. తిన్నని దారి చివర ఇంకా ఎక్కువ వేగం. వేగం కొంచెం పెరిగితే శక్తి దాని వర్గంతో పెరుగుతుంది. పైగా బ్రేకు ఇంకా ఆలస్యంగా, ఇంకా గట్టిగా తొక్కుతావు, ఎందుకంటే టైరు ఒప్పుకుంటుంది. ఆ వేడంతా ఎక్కడికి పోతుంది? డిస్కుకు, ప్యాడ్‌కు, క్యాలిపర్‌కు, అక్కడి నుంచి ఆయిల్‌కు. పాత టైర్లతో మరగని ఆయిల్ కొత్త టైర్లతో మరుగుతుంది. బుడగలు పుడతాయి. పెడల్ నేల దాకా వెళ్తుంది. అంటే టైరు మార్చినవాడు బ్రేక్ ఆయిల్ కూడా మార్చాలి.

(నిశ్శబ్దం)

తమ్ముడు: అక్కా, గంట?

అక్క: ... కొట్టను. సరిగ్గానే చెప్పారు.

బావ: తేదీ రాసి పెట్టుకోండి.

అక్క: ఇంజిన్ ఆయిల్ కూడా కలపండి. పొడవాటి మలుపులో పట్టు ఎక్కువైతే ఆయిల్ మొత్తం ఇంజిన్ అడుగున ఉండే సంపులో ఒక పక్కకు చేరుతుంది, పంపుకు అందదు. టైరు ఒక్కటే మార్చానని ఎవరైనా అంటే నమ్మవద్దు.

బావ: ఇంజిన్ ఆయిల్ నా శాఖ కాదు.

తమ్ముడు: అక్కా, ఉత్తరానికి జవాబు చెప్పలేదు మనం. అరగంట నైట్రోజన్ మీదే గడిచింది.

అక్క: నీ నైట్రోజన్ మీద. సరే, గబగబా. ఉన్న టైర్లు అరిగేదాకా వాటితోనే తోలండి. అరిగాక రెండో మెట్టు, 200 రకంలో వేడికి ఓర్చుకునేది చూసుకోండి, ఏ052 లాంటిది ఇప్పుడే వద్దు. మూడో మెట్టు ఇంకో ఏడాది తర్వాత. కొనేటప్పుడు పక్కగోడ మీద డాట్ (DOT) అక్షరాల చివర నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. తక్కువకు వచ్చిందని గట్టిపడిన పాత రబ్బరు తెచ్చుకోకండి. కొత్తవి వేసిన రోజు మొదటి విడత నెమ్మదిగా వేడెక్కించి, ఒక రోజు విశ్రాంతి ఇస్తే మంచిది.

తమ్ముడు: వెడల్పు?

అక్క: పెంచవద్దు. తేలికపాటి కారుకు మరీ వెడల్పు టైరు వేస్తే వేడెక్కదు. క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం, సరిచూసుకోకుండా వెడల్పు పెంచి లాభం లేదు. క్యాంబర్‌కు వేరే ఎపిసోడ్ పెడదాం.

బావ: వానొస్తే?

తమ్ముడు: సెమీ స్లిక్స్ మీదా? పడవ నేర్చుకోవాలి.

అక్క: వాటి గాడుల లోతు తక్కువ, నీళ్లు బయటికి తోయలేవు. మొదటి మెట్టు వాళ్లు వానలో మీ పక్కనుంచి హాయిగా వెళ్లిపోతారు. అంతే.

బావ: నా గేజ్‌తో ఇవాళ వీడి కారు కొలిచాను, చెప్పడం మరిచిపోయాను. ఎడమ ముందుది 31.

తమ్ముడు: 31 కాదు, 29. నా గేజ్ అంకెల్లో చూపిస్తుంది, నీది ముల్లు. పదేళ్ల కిందటి ముల్లు.

బావ: ముల్లు అబద్ధం చెప్పదు.

అక్క: ఆగండి. ఒకే టైరు? ఒకే పూట?

తమ్ముడు: నీ ముందే కొలిచాం కదా, నువ్వు మైకు సర్దుతున్నప్పుడు.

అక్క: ఇంతసేపూ ఒకటీ అరా పీఎస్ఐ కోసం కొట్టుకున్నాం. మీ రెండు గేజ్‌ల మధ్యే రెండుంది.

బావ: నాదే సరైనది.

తమ్ముడు: ఎలా తెలుసు?

బావ: ... మూడోది ఉందా?

అక్క: నా కారులో ఉంది. డిక్కీలో, పనిముట్ల సంచీ కింద.

తమ్ముడు: దానికెంత వయసు?

అక్క: నువ్వు ముందు తీసుకురా. మీరు గంట పట్టుకోండి, నేనూ వస్తున్నాను. రికార్డింగ్ ఎవరైనా ఆపండి, ఆ ఎర్ర...